స్టాక్ (మ్యాజిక్: ది గాదరింగ్)

'స్టాక్' అనేది మ్యాజిక్: ది గాదరింగ్ అనే ట్రేడింగ్ కార్డుల ఆటలో మంత్రాలు, సామర్థ్యాలు ఏ వరుసలో అమలు కావాలో నిర్ణయించే నియమ వ్యవస్థ. ఈ ఆటలో ప్రయోగించిన మంత్రం వెంటనే ఫలితాన్ని ఇవ్వదు. అది మొదట స్టాక్ అనే ఊహాత్మక స్థలానికి చేరి, అక్కడ అమలు కోసం వేచి ఉంటుంది. ఈలోగా ప్రత్యర్థి దానికి ప్రతిస్పందనగా మరొక మంత్రాన్ని ప్రయోగించవచ్చును. ఇట్లా చేరినవాటిలో చివర చేరినది అన్నిటికంటే ముందుగా అమలవుతుంది. ఎవరు ఎప్పుడు ప్రయోగించవచ్చునో తెలిపే 'ప్రయారిటీ' నియమం స్టాక్‌కు తోడుగా పనిచేస్తుంది. ఈ వ్యవస్థ 1999లో ఆట ఆరవ ఎడిషన్‌తో పాటు ప్రవేశపెట్టబడినది. ఆట యొక్క సమగ్ర నియమావళిలో ప్రయారిటీ గురించి 117వ నియమంలోను, స్టాక్ గురించి 405వ నియమంలోను, మంత్రాల అమలు గురించి 608వ నియమంలోను వివరించారు.

నేపథ్యం

మ్యాజిక్: ది గాదరింగ్ ఆటను అమెరికాకు చెందిన గణిత శాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో విడుదల చేసింది. ఇందులో ఆటగాళ్ళు మాంత్రికులుగా పరస్పరం తలపడతారు. సాధారణ పద్ధతిలో ఒక్కొక్కరు కనీసం 60 కార్డుల కట్టతో, 20 ప్రాణ పాయింట్లతో ఆట మొదలుపెడతారు. భూమి కార్డుల నుండి 'మానా' అనే శక్తిని పొంది, దానిని వెచ్చించి మంత్రాలను ప్రయోగిస్తారు. జీవుల కార్డులపై రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఆ జీవి బలం, అనగా అది కలిగించే నష్టం. రెండవది దాని దృఢత్వం. ఒకే వంతులో దృఢత్వానికి సమానమైన లేదా అంతకు మించిన నష్టం కలిగితే ఆ జీవి చనిపోతుంది.

చదరంగంలోను, రమ్మీ వంటి పేకాటలలోను ఆటగాడు తన వంతు వచ్చేవరకు వేచి ఉండవలసిందే. మ్యాజిక్ ఆటలో అట్లా కాదు. ప్రత్యర్థి వంతులో కూడా కొన్ని కార్డులను ప్రయోగించవచ్చును. ఈ ఆటకు ఆకర్షణ ఇదే, చిక్కు కూడా ఇదే. ఇద్దరూ ఒకే సమయంలో కార్డు వేయదలచుకుంటే ఎవరిది ముందు? ఒకరు వేసిన కార్డు ఫలితం ఇవ్వకముందే రెండవవారు దానిని ఆపగలరా? ఆపితే, మొదటివారు ఆ ఆపడాన్ని ఆపగలరా? ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం లేకపోతే చెయ్యి వేగంగా ఆడినవారిదో, గొంతు పెద్దగా ఉన్నవారిదో పైచేయి అవుతుంది. స్టాక్, ప్రయారిటీ నియమాలు ఈ వివాదానికి తావు లేకుండా చేస్తాయి.

మంత్రాల రకాలు, ప్రయోగించే సమయం

ప్రయోగించే సమయాన్ని బట్టి మంత్రాలను రెండు వర్గాలుగా చూడవచ్చును.

* నిదాన మంత్రాలు: సోర్సరీలు, జీవులు, ఆర్టిఫాక్టులు, ఎన్‌చాంట్‌మెంట్లు మొదలైనవి ఈ వర్గానికి చెందుతాయి. వీటిని ఆటగాడు తన వంతులోనే, అందులోనూ ప్రధాన దశలోనే, స్టాక్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ప్రయోగించాలి. కనుక వీటిని మరొక మంత్రానికి ప్రతిస్పందనగా వాడటం కుదరదు.
* తక్షణ మంత్రాలు: వీటిని 'ఇన్‌స్టంట్లు' అంటారు. ప్రయారిటీ ఉన్న ఏ సమయంలోనైనా, ఎవరి వంతులోనైనా వీటిని ప్రయోగించవచ్చును. 'ఫ్లాష్' అనే లక్షణం ఉన్న ఇతర కార్డులకు కూడా ఇదే వెసులుబాటు ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇన్‌స్టంట్ అనే పేరును చూసి అది మిగతా మంత్రాలకంటే వేగంగా అమలవుతుందని అనుకోరాదు. అది కూడా స్టాక్‌లోకి చేరి, తన వరుస కోసం వేచి ఉండవలసిందే. ఎక్కువ సందర్భాలలో ప్రయోగించగలగడమే దాని ప్రత్యేకత.

ప్రయారిటీ

ప్రయారిటీ అనగా మంత్రాన్ని ప్రయోగించడానికి, సామర్థ్యాన్ని వాడటానికి ఆటగాడికి ఉన్న అనుమతి. ఏ క్షణంలోనైనా ఇది ఒక్క ఆటగాడి వద్ద మాత్రమే ఉంటుంది. ఇద్దరికీ ఒకేసారి అనుమతి ఉండదు కనుక ఇద్దరూ ఒకేసారి కార్డు వేయడం అనే పరిస్థితి రాదు. దీని ముఖ్య నియమాలు ఇవి:

1. ప్రతి దశ లేదా ఉపదశ మొదట్లో, ఎవరి వంతు నడుస్తున్నదో వారికే ప్రయారిటీ ముందుగా లభిస్తుంది.
2. ప్రయారిటీ ఉన్నవారు ఏదైనా ప్రయోగించవచ్చును, లేదా ఏమీ చేయకుండా దానిని తరువాతివారికి వదలవచ్చును.
3. మంత్రాన్ని ప్రయోగించిన తరువాత ప్రయారిటీ మళ్ళీ ప్రయోగించినవారికే వస్తుంది. కావాలంటే వారు దానిపై మరొకటి ప్రయోగించవచ్చును.
4. ఆటగాళ్ళందరూ వరుసగా, మధ్యలో ఎవరూ ఏమీ చేయకుండా ప్రయారిటీని వదిలితే స్టాక్ పైభాగంలో ఉన్న ఒక్క అంశం అమలవుతుంది. ఆ తరువాత వంతు ఉన్న ఆటగాడికి ప్రయారిటీ తిరిగి వస్తుంది.
5. స్టాక్ ఖాళీగా ఉన్నప్పుడు అందరూ వదిలితే ఆ దశ ముగిసి తరువాతి దశ మొదలవుతుంది.

వంతు మొదట్లో కార్డులను తిరిగి నిలువుగా పెట్టే 'అన్‌టాప్' ఉపదశలో ఎవరికీ ప్రయారిటీ ఉండదు. వంతు చివర వచ్చే 'క్లీనప్' ఉపదశలో కూడా సాధారణంగా ఉండదు.

ప్రతి అడుగులోను 'వదులుతున్నాను' అని చెబుతూ ఆడితే ఆట ముందుకు సాగదు. అందువలన పోటీలలో కొన్ని సంక్షిప్త పద్ధతులను అంగీకరించారు. మంత్రం ప్రయోగించిన ఆటగాడు ప్రయారిటీని అట్టిపెట్టుకుంటున్నట్లు స్పష్టంగా చెప్పకపోతే దానిని వదిలినట్లే భావిస్తారు.

స్టాక్ పనిచేసే విధానం

కుండల దొంతిలో పై కుండను దించకుండా కింది కుండను తీయలేము. స్టాక్ కూడా అటువంటిదే. చివర చేరినది ముందుగా బయటకు వస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో స్టాక్ అనే పేరుతోనే ఉన్న డేటా నిర్మాణం కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

రాము, సోము అనే ఇద్దరు ఆడుతున్నారనుకుందాం. రాము వద్ద గ్రిజ్లీ బేర్స్ అనే 2/2 జీవి ఉన్నది. ఈ ఉదాహరణలలో వచ్చే రెండు ఇన్‌స్టంట్లు 1993లో వెలువడిన మొదటి కార్డులలోనివే. లైట్నింగ్ బోల్ట్‌కు ఒక ఎర్ర మానా ఖర్చవుతుంది. అది తన లక్ష్యానికి 3 నష్టం కలిగిస్తుంది. జెయింట్ గ్రోత్‌కు ఒక ఆకుపచ్చ మానా ఖర్చవుతుంది. అది ఒక జీవికి ఆ వంతు ముగిసేవరకు +3/+3 పెంపు ఇస్తుంది.

మొదటి సందర్భం: సోము లైట్నింగ్ బోల్ట్‌ను ఎలుగుబంటిపై ప్రయోగించాడు. రాము దానికి ప్రతిస్పందనగా జెయింట్ గ్రోత్ ప్రయోగించాడు. చివర చేరిన జెయింట్ గ్రోత్ ముందు అమలై ఎలుగుబంటి 5/5 అవుతుంది. తరువాత లైట్నింగ్ బోల్ట్ అమలై 3 నష్టం కలిగిస్తుంది. దృఢత్వం 5 కనుక ఎలుగుబంటి బతుకుతుంది. చెరొక కార్డు ఖర్చయినది.

రెండవ సందర్భం: రాము తొందరపడి ముందుగానే జెయింట్ గ్రోత్ ప్రయోగించాడు. అది స్టాక్‌లో ఉండగానే సోము లైట్నింగ్ బోల్ట్ ప్రయోగించాడు. ఇప్పుడు బోల్ట్ ముందు అమలవుతుంది. ఎలుగుబంటి ఇంకా 2/2 గానే ఉన్నది కనుక చనిపోతుంది. జెయింట్ గ్రోత్‌కు లక్ష్యమే లేకుండా పోయి అది వృథా అవుతుంది. సోముకు ఒక్క కార్డు ఖర్చు కాగా, రాముకు జీవితో కలిపి రెండు కార్డుల నష్టం వాటిల్లింది.

రెండు సందర్భాలలోను ఆటగాళ్ళు వాడిన కార్డులు ఒకటే, ఖర్చు చేసిన మానా కూడా ఒకటే. మారినది వరుస మాత్రమే. ముందు పలికినవారి కంటే తరువాత పలికినవారికి అనుకూలత ఎక్కువ. అందువలన ప్రత్యర్థి మానా వెచ్చించలేని సమయం కోసం వేచి ఉండటం, అతడు ముందుగా కార్డు వేసేట్లు చేయడం ఈ ఆటలో నైపుణ్యంగా పరిగణించబడతాయి.

రద్దు మంత్రాలు: స్టాక్‌లో ఉన్న మంత్రాన్నే లక్ష్యంగా చేసుకొని దానిని అమలు కాకుండా చేసేవి రద్దు మంత్రాలు. వీటికి ప్రసిద్ధ ఉదాహరణ రెండు నీలి మానా ఖర్చయ్యే కౌంటర్‌స్పెల్. రాము ఒక జీవిని ప్రయోగించగా సోము కౌంటర్‌స్పెల్ వేశాడనుకుందాం. రాము తన కౌంటర్‌స్పెల్‌ను సోము కౌంటర్‌స్పెల్‌పై వేయవచ్చును. అన్నిటికంటే పైన ఉన్న రాము కౌంటర్‌స్పెల్ ముందు అమలై, సోము మంత్రాన్ని తొలగిస్తుంది. అడుగున మిగిలిన జీవి క్షేమంగా రంగంలోకి వస్తుంది. అయితే జీవి ఒకసారి రంగంలోకి వచ్చిన తరువాత అది మంత్రం కాదు. అప్పుడు కౌంటర్‌స్పెల్ దానిపై పనిచేయదు. మంత్రం స్టాక్‌లో ఉన్నంతసేపే దానిని రద్దుచేసే అవకాశం ఉంటుంది.

మంత్ర ప్రయోగంలోని మెట్లు

మంత్రాన్ని ప్రయోగించడం ఒకే చర్యగా కనిపించినా, 601వ నియమం దానిని కొన్ని మెట్లుగా విభజిస్తుంది. ఆటగాడు ముందుగా కార్డును ప్రకటించి స్టాక్‌పై ఉంచుతాడు. తరువాత కార్డులో వికల్పాలు ఉంటే వాటిలో ఒకదానిని ఎంచుకుంటాడు. ఆపై లక్ష్యాలను ప్రకటిస్తాడు. చివరగా మొత్తం ఖర్చును లెక్కించి, మానాను సమకూర్చుకొని చెల్లిస్తాడు. ఈ మెట్లు అన్నీ పూర్తయ్యేవరకు ఎవరికీ ప్రయారిటీ రాదు.

దీని వలన రెండు ముఖ్యమైన ఫలితాలు ఉన్నాయి. మొదటిది, లక్ష్యాన్ని ముందే ప్రకటించాలి కనుక ప్రత్యర్థికి దేనిపై దాడి జరుగుతున్నదో తెలిసిన తరువాతనే ప్రతిస్పందించే వీలు కలుగుతుంది. రెండవది, ఖర్చు చెల్లించడానికి ఎవరూ ప్రతిస్పందించలేరు. ఒక మంత్రానికి ఖర్చుగా తన జీవిని బలి ఇవ్వవలసి ఉంటే, ప్రత్యర్థికి అవకాశం వచ్చేసరికే ఆ బలి పూర్తయి ఉంటుంది. మంత్రం రద్దయినా చెల్లించిన ఖర్చు తిరిగి రాదు.

సామర్థ్యాలు

మంత్రాలే కాక రంగంలో ఉన్న కార్డుల సామర్థ్యాలు కూడా స్టాక్‌లో చేరతాయి. ఇవి రెండు రకాలు.

* వినియోగ సామర్థ్యాలు: ఆటగాడు ఖర్చు చెల్లించి తన ఇష్ట ప్రకారం వాడేవి. కార్డుపై ముందు ఖర్చు, తరువాత రెండు చుక్కల గుర్తు, ఆపైన ఫలితం ముద్రించి ఉంటాయి.
* ప్రేరిత సామర్థ్యాలు: ఒక సంఘటన జరిగినప్పుడు వాటంతట అవే పుట్టేవి. 'జీవి చనిపోయినప్పుడు', 'వంతు మొదలైనప్పుడు' వంటి మాటలతో ఇవి మొదలవుతాయి. ఇవి సంఘటన జరిగిన వెంటనే కాక, ఆ తరువాత ఎవరికైనా ప్రయారిటీ రావలసిన సమయంలో స్టాక్‌పైకి చేరతాయి.

ఒకేసారి ఇద్దరి ప్రేరిత సామర్థ్యాలు పుడితే, వంతు ఉన్న ఆటగాడివి ముందుగా స్టాక్‌పై ఉంచుతారు. ఆ తరువాత రెండవవారివి వాటిపై ఉంచుతారు. కాబట్టి వంతు లేని ఆటగాడివే ముందు అమలవుతాయి. ఒకే ఆటగాడికి అనేకం ఉంటే వాటి వరుసను ఆ ఆటగాడే నిర్ణయించుకుంటాడు.

స్టాక్‌లోకి చేరిన సామర్థ్యానికి, దానిని పుట్టించిన కార్డుకు సంబంధం తెగిపోతుంది. ప్రాడిగల్ సోర్సరర్ అనే జీవి తన సామర్థ్యంతో ఏ లక్ష్యానికైనా 1 నష్టం కలిగించగలదు. దానికి ఖర్చుగా ఆ కార్డును అడ్డంగా తిప్పితే చాలు. ఆ సామర్థ్యం స్టాక్‌లో ఉండగా ప్రత్యర్థి ఆ జీవిని చంపినప్పటికీ 1 నష్టం తప్పదు. విల్లు వదిలిన బాణం విలుకాడు పడిపోయినా ఆగనట్లే ఇది. దీనిని ఆపాలంటే సామర్థ్యాన్నే రద్దు చేయాలి. 2003లో స్కర్జ్ సంపుటిలో వచ్చిన స్టైఫిల్ అనే కార్డు అటువంటి పని చేస్తుంది.

స్టాక్‌ను ఉపయోగించనివి

ఆటలోని ప్రతి చర్యా స్టాక్‌లోకి చేరదు. ఈ క్రింది వాటికి ఎవరూ ప్రతిస్పందించలేరు.

* భూమి కార్డును రంగంలో ఉంచడం. ఇది మంత్రం కాదు కనుక రద్దు మంత్రాలు దీనిపై పనిచేయవు.
* మానాను ఇచ్చే సామర్థ్యాలు. ఖర్చు చెల్లించే మధ్యలో వీటిని వాడవలసి ఉంటుంది కనుక ఇవి వెంటనే అమలవుతాయి.
* 2002లో ఆన్‌స్లాట్ సంపుటితో వచ్చిన 'మార్ఫ్' లక్షణం గల జీవిని బోర్లా ఉన్న స్థితి నుండి వెల్లకిలా తిప్పడం.
* స్థిర సామర్థ్యాలు. ఉదాహరణకు 'మీ జీవులన్నిటికీ +1/+1' అనేటటువంటివి. కార్డు రంగంలో ఉన్నంతకాలం ఇవి నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి.
* స్థితి ఆధారిత చర్యలు. ఇవి 704వ నియమంలో ఉన్నాయి.

స్థితి ఆధారిత చర్యలు ఆటను స్వయంగా సరిచూసే తనిఖీ వంటివి. ఎవరికైనా ప్రయారిటీ రాబోయే ప్రతిసారీ ఈ తనిఖీ జరుగుతుంది. ప్రాణ పాయింట్లు 0 లేదా అంతకంటే తక్కువ ఉన్న ఆటగాడు ఓడిపోతాడు. తగినంత నష్టం పొందిన జీవి చనిపోతుంది. దృఢత్వం 0 అయిన జీవి తొలగించబడుతుంది. ఈ మార్పుల వలన మరికొన్ని మార్పులు అవసరమైతే తనిఖీ మళ్ళీ జరుగుతుంది. ఇవన్నీ పూర్తయిన తరువాతనే ప్రయారిటీ ఇవ్వబడుతుంది.

ఈ నియమం ఆటలో గెలుపు ఓటములను నేరుగా నిర్ణయిస్తుంది. 3 ప్రాణ పాయింట్లు మిగిలిన రాముపై సోము లైట్నింగ్ బోల్ట్ వేశాడనుకుందాం. రాము వద్ద 3 ప్రాణ పాయింట్లను పెంచే హీలింగ్ సాల్వ్ అనే ఇన్‌స్టంట్ ఉన్నది. బోల్ట్ స్టాక్‌లో ఉండగానే దానిని వాడితే రాము 6 పాయింట్లకు చేరి, ఆపై 3 పాయింట్లతో మిగులుతాడు. ముందు బోల్ట్ అమలు కానిచ్చి, తరువాత పెంచుకుందామనుకుంటే ఆ 'తరువాత' రానే రాదు. పాయింట్లు 0 కావడానికి, ఆటగాడు ఓడిపోవడానికి మధ్య ఎవరికీ ప్రయారిటీ లభించదు.

లక్ష్యం చెల్లకపోవడం

లక్ష్యం గల మంత్రం అమలు కాబోయే ముందు ఆ లక్ష్యం ఇంకా చెల్లుబాటులో ఉన్నదా అని చూస్తారు. లక్ష్యాలన్నీ చెల్లకుండా పోతే ఆ మంత్రం అమలు కాదు. అందులోని మిగతా ఫలితాలు కూడా జరగవు. ఉదాహరణకు 'ఒక జీవిని చంపి, ఒక కార్డు తీసుకొనుము' అనే మంత్రానికి ప్రతిస్పందనగా ఆ జీవిని యజమానే బలి ఇస్తే, ప్రయోగించినవారికి కార్డు కూడా దక్కదు. లక్ష్యాలు అనేకం ఉండి కొన్ని మాత్రమే చెల్లకపోతే, మిగిలిన వాటి వరకు మంత్రం అమలవుతుంది.

చరిత్ర

1993లో ఆట వెలువడినప్పుడు ఇన్‌స్టంట్లతో పాటు 'ఇంటరప్ట్' అనే మరొక రకం ఉండేది. కౌంటర్‌స్పెల్ మొదట ఇంటరప్ట్‌గానే ముద్రించబడినది. ఇంటరప్ట్‌లు ఇన్‌స్టంట్ల కంటే వేగమైనవి. ఇంటరప్ట్‌కు ఇంటరప్ట్‌తో మాత్రమే ప్రతిస్పందించవలసి వచ్చేది. తరువాతి కాలంలో 'మానా సోర్స్' అనే ఇంకొక రకం కూడా చేరినది. ప్రతిస్పందనలుగా వచ్చిన ఇన్‌స్టంట్లు ఒక జట్టుగా చేరి, ఒకసారి అమలు మొదలైతే మధ్యలో కొత్తవి చేర్చే వీలు లేకుండా మొత్తం అమలయ్యేవి. మంత్రాలు కలిగించే నష్టం మాత్రం జట్టు చివరన లెక్కకు వచ్చేది. దీనికి తోడు నష్టాన్ని నివారించే మంత్రాల కోసం వేరొక ఘట్టం ఉండేది. ప్రాణ పాయింట్లు 0 అయిన ఆటగాడు కూడా ఆ దశ ముగిసే వరకు ఓడిపోయేవాడు కాదు. ఇన్ని వేగాలు, ఇన్ని మినహాయింపులు ఉండటం వలన కొత్తగా నేర్చుకునేవారికి ఆట కష్టమయ్యేది.

1999లో వెలువడిన ఆరవ ఎడిషన్ ఈ విధానాన్ని మార్చివేసింది. ఇంటరప్ట్‌లన్నీ ఇన్‌స్టంట్లుగా మారాయి. నష్ట నివారణకు ఉన్న ప్రత్యేక ఘట్టం తొలగించబడినది. స్టాక్ అనే ఒకే వరుస, అందులో ఒక్కొక్క అంశం అమలైన తరువాత మళ్ళీ అందరికీ అవకాశం అనే పద్ధతి అమలులోకి వచ్చింది. పైన చెప్పిన రెండవ సందర్భంలో ఎలుగుబంటి చనిపోవడం ఈ మార్పు ఫలితమే. పాత నియమాల ప్రకారమైతే నష్టం చివరన లెక్కించబడేది కనుక జెయింట్ గ్రోత్ దానిని కాపాడి ఉండేది.

ఆరవ ఎడిషన్‌లో జీవుల పోరాటం వలన కలిగే నష్టాన్ని కూడా స్టాక్‌లో చేర్చారు. దీని వలన ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడినది. మోగ్ ఫెనాటిక్ అనే 1/1 జీవి పోరాడి, తన 1 నష్టాన్ని స్టాక్‌పై ఉంచి, అది అమలయ్యేలోగా తనను తాను బలి ఇచ్చుకొని మరొక 1 నష్టం కలిగించేది. అనగా రంగంలో లేని జీవి కూడా పోరులో దెబ్బ కొట్టేది. 2009లో మ్యాజిక్ 2010 సంపుటితో పాటు వచ్చిన మార్పులలో పోరాట నష్టాన్ని స్టాక్ నుండి తొలగించారు. అప్పటినుండి అది వెంటనే, ఏకకాలంలో కలుగుతుంది. మోగ్ ఫెనాటిక్ ఆటగాడు పోరాట నష్టం, బలి అనే రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి.

2006లో టైమ్ స్పైరల్ సంపుటిలో 'స్ప్లిట్ సెకండ్' అనే లక్షణం వచ్చింది. ఈ లక్షణం గల మంత్రం స్టాక్‌లో ఉన్నంతసేపు మరెవరూ మంత్రాలను ప్రయోగించరాదు, మానా సామర్థ్యాలు తప్ప ఇతర వినియోగ సామర్థ్యాలను వాడరాదు. క్రోసన్ గ్రిప్, సడన్ షాక్ ఇటువంటి కార్డులు. అయినప్పటికీ ప్రేరిత సామర్థ్యాలు పుడుతూనే ఉంటాయి, మార్ఫ్ జీవులను తిప్పవచ్చును.

సాధారణ అపోహలు

* 'ఇన్‌స్టంట్ అన్నిటికంటే ముందు అమలవుతుంది' అనేది సరికాదు. స్టాక్‌లో స్థానమే వరుసను నిర్ణయిస్తుంది.
* 'రద్దు చేయలేని మంత్రానికి ప్రతిస్పందించకూడదు' అనేది సరికాదు. దానిని రద్దు చేయలేరు గానీ, అది అమలయ్యేలోగా ఇతర మంత్రాలను ప్రయోగించవచ్చును.
* 'మూలమైన కార్డును నాశనం చేస్తే దాని సామర్థ్యం ఆగిపోతుంది' అనేది సరికాదు.
* 'స్టాక్‌లో అమలు మొదలైతే అన్నీ ఒకేసారి పూర్తవుతాయి' అనేది 1999కి ముందున్న పద్ధతి. ఇప్పుడు ఒక్కొక్క అంశం తరువాత మళ్ళీ ప్రతిస్పందించవచ్చును. అయితే ఒక అంశం అమలవుతుండగా దాని మధ్యలో ఎవరూ జోక్యం చేసుకోరాదు.

కంప్యూటర్ రూపాలలో

ఈ ఆటకు 2002లో మ్యాజిక్ ఆన్‌లైన్, 2019లో మ్యాజిక్: ది గాదరింగ్ అరీనా అనే కంప్యూటర్ రూపాలు విడుదలైనాయి. వీటిలో నియమాలను ప్రోగ్రామే అమలుపరుస్తుంది కనుక వరుసపై వివాదం ఉండదు. ప్రతి ప్రయారిటీ వద్ద ఆగితే ఆట నిదానమవుతుంది కాబట్టి, అరీనాలో ప్రయోగించడానికి ఏమీ లేని ఆటగాడి తరఫున ప్రోగ్రామే ప్రయారిటీని వదులుతుంది. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఆట ఒక క్షణం ఆగినదంటే ప్రత్యర్థి వద్ద ప్రతిస్పందన ఏదో ఉన్నదని ఊహించవచ్చును. అటువంటి సూచన ఇవ్వకూడదనుకునేవారు 'ఫుల్ కంట్రోల్' అనే పద్ధతిని ఎంచుకొని ప్రతి చోటా ఆగవచ్చును.

స్టాక్, ప్రేరిత సామర్థ్యాల నియమాలు ఎంత నిర్దిష్టమైనవంటే, వాటి ఆధారంగా ఈ ఆటలో ట్యూరింగ్ యంత్రాన్ని నిర్మించవచ్చునని 2019లో అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్మన్, ఆస్టిన్ హెరిక్ ఒక పరిశోధనా పత్రంలో చూపించారు. అనగా సిద్ధాంతరీత్యా కంప్యూటర్ చేయగల ఏ గణననైనా ఈ ఆటలోని కార్డుల ద్వారా నడపవచ్చును.

ఇతర ఆటలలో

ప్రత్యర్థి చర్యకు బదులిచ్చే సమస్యను ఇతర కార్డుల ఆటలు వేర్వేరు విధాలుగా పరిష్కరించాయి.

* యు-గి-ఓ!: జపాన్‌లో కొనామీ సంస్థ 1999 నుండి వెలువరిస్తున్న ఈ ఆటలో స్టాక్‌కు బదులు 'చైన్' ఉంటుంది. కార్డులకు 1, 2, 3 అనే వేగాలు ఉంటాయి. 3వ వేగం గల కార్డుకు మరొక 3వ వేగం కార్డుతోనే ప్రతిస్పందించాలి. చైన్ కూడా చివరి నుండి మొదటికి అమలవుతుంది గానీ, ఒకసారి మొదలైతే మధ్యలో కొత్త లంకెలు చేర్చరాదు. ప్రత్యర్థి ఆడిన సాధారణ మంత్రపు కార్డును మిస్టికల్ స్పేస్ టైఫూన్‌తో నాశనం చేసినా దాని ఫలితం ఆగదు. నాశనం వేరు, రద్దు వేరు అనే భేదం ఇక్కడ కూడా ఉన్నది.
* పోకేమాన్ ట్రేడింగ్ కార్డుల ఆట: 1996లో జపాన్‌లో మొదలైన ఈ ఆటలో ప్రత్యర్థి వంతులో చేతిలోని కార్డులను ఆడరాదు. అందువలన స్టాక్ వంటి వ్యవస్థ అవసరం కలగలేదు.
* హార్త్‌స్టోన్: బ్లిజార్డ్ సంస్థ 2014లో విడుదల చేసిన ఈ కంప్యూటర్ ఆటలో కూడా ప్రత్యర్థి వంతులో కార్డులు వేయరాదు. 'సీక్రెట్' అనే కార్డులను తన వంతులో ముందుగా దాచి ఉంచితే, తగిన సంఘటన జరిగినప్పుడు అవే పనిచేస్తాయి.
* లెజెండ్స్ ఆఫ్ రూనెటెర్రా: రయట్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ఈ ఆటలో మంత్రాలకు వేర్వేరు వేగాలు ఉన్నాయి. 'బర్స్ట్' వేగం గల మంత్రం వెంటనే అమలవుతుంది, దానికి ఎవరూ బదులివ్వలేరు. 'ఫాస్ట్' వేగం గల వాటికి బదులివ్వవచ్చును.

బదులిచ్చే అవకాశాన్ని తగ్గించిన ఆటలు నేర్చుకోవడానికి తేలిక, ఆడటానికి వేగం. ఆ అవకాశాన్ని నిలుపుకున్న ఆటలలో నియమాలు ఎక్కువ, కానీ ప్రత్యర్థి వంతులో కూడా ఆటగాడు ఆలోచిస్తూనే ఉండాలి. మ్యాజిక్ ఆట రెండవ మార్గాన్ని ఎంచుకొని, దాని వలన వచ్చే చిక్కులను స్టాక్ అనే ఒక్క వరుసలోకి తెచ్చింది.

ఇవి కూడా చూడండి

* మ్యాజిక్: ది గాదరింగ్
* రిచర్డ్ గార్ఫీల్డ్
* యు-గి-ఓ!
* స్టాక్ (డేటా నిర్మాణం)
* పేకాట
* చదరంగం